చిన్న కారుకు డంపర్ తిండి

మా మామగారు ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు డంపర్ నడిపి రిటైరయ్యారు. డంపర్ అంటే ఇల్లంత బండి. దాని టైరు పక్కన నిలబడి దిగిన ఫొటో మా హాల్లో దేవుడి పటాల వరసలోనే ఉంటుంది, అందులో టైరే ఆయనకన్నా ఎత్తు. అలాంటి బండిని నడిపిన మనిషికి నా పాత చిన్న కారు ఒక ఆటబొమ్మ. అయినా సరే, ఇంట్లో ఇంజనున్న వస్తువేదైనా తన పెత్తనం కిందికే వస్తుందని ఆయన నమ్మకం.

ఆ కారు నా జీతంతో నేను కొనుక్కున్నది. మంచిర్యాల నుంచి లక్షెట్టిపేటలో నేను పాఠాలు చెప్పే బడికి రోజూ అందులోనే వెళ్లి వస్తాను. అది వచ్చాకే బస్సు కోసం ఎండలో నిలబడటం తప్పింది, ఎందుకు ఆలస్యమైందో ఇంటిల్లిపాదికీ సంజాయిషీ చెప్పుకోవడమూ తప్పింది. తాళంచెవి నా బ్యాగులో ఉండటం మా ఇంట్లో కొందరికి మింగుడు పడలేదు. పడకపోతే నీళ్లు తాగండి అనుకున్నాను.

నేను పుట్టింది సాంచెల ఇంట్లో. మరమగ్గాన్ని మా వైపు సాంచె అంటారు. మా బాపు పొద్దున్నే నూనె డబ్బా పట్టుకుని ఒక్కో కీలుకు చుక్క వేసేవాడు. ఇంకో చుక్క ఎక్కువైతే అది జారి బట్ట మీద పడుతుంది, మరక పడ్డ బట్ట ఎవరికీ అక్కర్లేదు. "మిషిన్‌కు నూనె తాపద్దు బిడ్డా, నాకిపియ్యాలె" అనేవాడు. అత్తగారింట్లో పద్ధతి వేరు. డంపర్ ఆయిల్‌ను డబ్బాలకు డబ్బాలు తాగుతుంది కాబట్టి, ఇంజన్ మీద ప్రేమ ఉంటే ఆయిల్ పోయాలి. వద్దన్నా చుట్టం విస్తట్లో ఇంకో గరిటె వడ్డించినట్టు.

ఒక ఆదివారం అత్తమ్మ, మామ, మా ఆయన, నేను ధర్మపురి నరసింహస్వామి దర్శనానికి బయల్దేరాం. నేను చీర కట్టుకుంటుంటే మామ కారు దగ్గర ఏదో చేస్తున్నారు, తుడుస్తున్నారేమో అనుకున్నాను. గోదారి మీది రాయపట్నం వంతెన దగ్గరికి వచ్చేసరికి ఇంజన్ వణకడం మొదలైంది. అద్దంలో చూస్తే వెనకంతా నీలిపొగ, లోపలంతా మాడిన వాసన. ఇంతలో ఆయిల్ గుర్తున్న ఎర్రదీపం వెలిగింది. కారును పక్కకు తీసి ఆపేశాను.

తీర్పులకు ఎంతో సేపు పట్టలేదు. అత్తమ్మ దిష్టి తగిలిందన్నది. మా ఆయన "క్లచ్ మీదికెల్లి కాలు తియ్యవు, గందుకే" అన్నాడు. మామ చెయ్యి చాపారు.

"ఆడోళ్ల చేతిల బండి పెడితే గింతే. తాళం ఇటియ్యి. రేపటి సంది బస్సుల పో."

నాకు ఒళ్లు మండింది. భయం కూడా వేసింది, దాచను. ఆ ఒక్క పొగతో నా కారు నాది కాకుండా పోయేలా ఉంది. తాళం బ్యాగులో వేసుకుని బానెట్ ఎత్తాను. వేడి తగ్గేదాకా ఆగి డిప్‌స్టిక్ లాగి, కొంగుతో తుడిచి, మళ్లీ ముంచి తీశాను. దాని మీద రెండు గీతలుంటాయి. ఆయిల్ ఆ రెండింటి మధ్య ఉండాలి. పై గీత దాటి, ఇంకా బెత్తెడు పైకి నురగ నురగగా అంటుకుని ఉంది.

"ఆయిల్ ఎవరు పోసిండ్రు మామా?"

"నేనే. దూరం పోతున్నమని డబ్బ మొత్తం పోసిన. ఎక్కువైతే ఏమైతది, లోపల్నే ఉంటది గద."

లోపల ఉండదు. కింద తిరిగే క్రాంక్ అనే ఇరుసు ఆ ఆయిల్‌లో మునిగి, కవ్వం తిప్పినట్టు చిలుకుతుంది. ఆయిల్ నురగైపోతుంది. నురగను పంపు లాగలేదు, అందుకే అంత ఆయిల్ ఉండి కూడా ఇనుము మీద ఇనుము ఒట్టిగా రాసుకుంటుంది. మిగిలింది రబ్బరు సీళ్లను తోసుకుని కారుతుంది, లేదా పైకెక్కి పెట్రోలుతో పాటు కాలి పొగవుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. ఇదంతా వాళ్లకు చెప్పాను. ఎవరూ ఒప్పుకోలేదు.

మా ఆయనను ఆటో ఎక్కించి ధర్మపురికి పంపాను. పశువులకు వాడే పెద్ద సిరంజి, సెలైన్ పైపు తెమ్మన్నాను. గొణుక్కుంటూ పోయాడు కానీ తెచ్చాడు. డిప్‌స్టిక్ ఉండే రంధ్రంలోకి పైపు దింపి, సిరంజితో ఆయిల్ లాగడం మొదలుపెట్టాను. పట్టుచీర కొంగు నడుముకు దోపుకుని నేనలా వంగి ఉంటే, వంతెన మీద పోయే బండ్లన్నీ నిదానించి చూశాయి. చూడనీ. డిక్కీలో మామ పడేసిన ఖాళీ డబ్బాలోకే ఆ ఆయిల్ పోశాను. నల్లగా, బుడగలు బుడగలుగా అది సగానికి పైగా నిండింది.

ఆయిల్ రెండు గీతల మధ్యకు దిగాక, నురగ అణిగేదాకా కూర్చుని స్టార్ట్ చేశాను. ఎర్రదీపం ఆరింది. పొగ కాసేపు వచ్చి పలచబడింది. అత్తమ్మ దణ్ణం పెట్టుకుని వెనక సీట్లో సర్దుకున్నది.

మామ మాత్రం నా తలుపు దగ్గరే నిలబడ్డారు. చేతిలో ఆ డబ్బా.

"సరే, అయింది గద. ఇగ నువ్వు దిగు, నేను నడుపుత."

నేను స్టీరింగ్ వదల్లేదు.

"మీ షిఫ్టుల ఉన్నప్పుడు మీ డంపర్ ఎవరికన్న ఇచ్చిండ్రా మామా?"

ఆయన నన్ను చూశారు. తర్వాత గోదారి వైపు చూశారు.

"ఇయ్యలే" అన్నారు.

డబ్బా ఒళ్లో పెట్టుకుని నా పక్క సీట్లో కూర్చున్నారు. నేనూ ఇవ్వలేదు.