కబురు రాని దారి

ఇన్నేళ్లుగా ఒక మాట నా లోపల బండరాయిలా పడి ఉంది. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలననిపిస్తోంది.

మా నగరం తూర్పు చివర ఉన్న సాల్ట్ లేక్‌లో ఒక పరిశోధన సంస్థలో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. పరమాణువు లోపలి కణాల మీద ప్రయోగాలు ఎక్కడో విదేశంలో జరిగేవి. వాటి లెక్కలను దేశదేశాల కంప్యూటర్లు పంచుకుని చేసేవి, మావి కూడా. ఎవరి లెక్క ముందు, ఎవరిది తరవాత అన్నది నా చేతిలో ఉండేది. పెద్దపెద్ద ప్రొఫెసర్లు భాఁడ్ అనే మట్టి కప్పులో చాయ్ పట్టుకొచ్చి, "దాదా, నాది కాస్త ముందుకు తోయండి" అనేవారు. దాదా అంటే బెంగాలీలో అన్న. ఖిదిర్‌పూర్ రేవులో మూటలు మోసినవాడి కొడుకుని. ఆ పిలుపు నాకెంత తీపో ఎలా చెప్పను?

అప్పుడు రత్నం కొత్త సాఫ్ట్‌వేర్ రాసి తెచ్చింది. మా ఖిదిర్‌పూర్ పేట తెలుగు పిల్లే, నా దగ్గరే పని నేర్చుకుంది. ఆ సాఫ్ట్‌వేర్ ముందుగా ప్రతి కంప్యూటర్‌కీ ఒక చిన్న ప్రోగ్రాంను వేగులా పంపుతుంది. యంత్రం ఖాళీగా ఉందని వేగు కబురు పెడితే, అసలు లెక్క దానంతటదే వెళ్తుంది. మధ్యలో దాదా అక్కర్లేదు.

దాన్ని అందరికీ నడిపి చూపించాల్సిన రోజు పొద్దున్నే వెళ్లి, ఆ కబుర్లు తిరిగొచ్చే నెట్‌వర్క్ దారిని మూసేశాను.

బయట వాన. గదిలో ఏసీ చలి, యంత్రాల రొద, అద్దం మీద మెల్లగా జారే నీళ్లు. ఇప్పటికీ అదంతా కల్లో చూసినట్టే ఉంటుంది. వేగులు వెళ్తున్నాయి, ఒక్కటీ పలకడం లేదు. ప్రొఫెసర్లు గడియారాలు చూసుకుంటున్నారు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. అసూయా? భయమా? లేక నన్నెవరూ పిలవని రోజొకటి వస్తుందని ముందే పట్టుకున్న దిగులా? ఏ పేరు పెట్టినా చేసిన పని మారదుగా.

రత్నం నా పక్కకొచ్చి గొంతు తగ్గించింది. "అన్నా, కబుర్లు రావట్లేదేటి? నువ్వేటైనా మార్సినావా?"

"నానేటీ మార్సలేదమ్మా. నువ్వు రాసిందాంట్లోనే ఏదో తప్పుంటాది."

"నువ్వు సెప్పినావంటే ఇంకేటుంది. నాదే తప్పయ్యుంటాది."

ఆ మాటే అందరికీ చెప్పింది. సాయంత్రం ఆమె వెళ్లాక దారి తెరిచేశాను. సంస్థ ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. కొంతకాలానికి అలాంటి సాఫ్ట్‌వేరే పై అధికారుల నుంచి వచ్చింది. నేనే పెట్టాను, చక్కగా నడిచింది. మెచ్చుకుని నాకు శాలువా కూడా కప్పారు. కప్పించుకున్నాను.

మొన్నామధ్య ఖిదిర్‌పూర్ బస్టాపులో కనిపించింది. ఇప్పుడేదో దుకాణంలో బిల్లులు కొడుతోందట. పక్కనున్న కూతురికి నన్ను చూపించి, "ఈ మావయ్యే నాకు పని నేర్పినాడు, దండం పెట్టు" అంది. ఆ పిల్ల వంగి నా కాళ్లు ముట్టుకుంది. నేను ఆశీర్వదించాను కూడా.

అప్పుడైనా చెప్పలేదు. బస్సొచ్చింది, వాళ్లు వెళ్లిపోయారు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. రత్నం రాసినదాంట్లో ఏ తప్పూ లేదు.