కన్ను మూతపడితే చాలు

ఆ ప్లాస్టిక్ సర్జన్ ఆపరేషన్‌కు ముందు మంచం పక్కకు స్టూలు లాక్కుని, ప్రతి రోగినీ ఒకటే అడిగేవాడు: "నీకేం కావాలి?" అడిగినంతే చేసేవాడు.

మొగుడు మొహాన యాసిడ్ పోసిన దర్జీ అమ్మాయి అంది: "ఈ కన్ను మూతపడేలా చెయ్యండి సార్. నిద్రలేక చస్తున్నా."

"చేస్తాను తల్లీ. చెంప కూడా బాగుపడుతుంది."

"చెంప వద్దు. వాడు బెయిలు మీద వచ్చాడు. మొహం బాగైతే కాపురానికి తీసుకెళ్తానన్నాడు. మా అమ్మ సరేనంది. ఈ మొహమే నాకు కాపలా సార్."

యాసిడ్ పోసినవాడి ఇంటికే పంపడాన్ని మనం రాజీ అంటాం. దానికి ఆయన దగ్గర మందు లేదు. కనురెప్పకు మాత్రం చర్మం అతికించాడు.

కట్టు విప్పిన రోజు ఆమె రెండు కళ్ళూ మూసుకుని నిద్రపోయింది. ఆయన ఆ చెంపనే చూస్తూ స్టూలు మీద కూర్చుండిపోయాడు.