ఎల్లిగడ్డ మందు, ఖాళీ డబ్బా

ఆ రోజుల్లో తెల్లకోటు తొడుక్కుంటే చాలు, నేను జానెడు ఎత్తు పెరిగినట్టుండేది. హన్మకొండలో పరిశోధన విద్యార్థినిగా చేరి నాలుగు నెలలైనా కాలేదు. వెల్లుల్లిలోని (మా ఇంట్లో ఎల్లిగడ్డ అనాలి, లేకపోతే ఎవరూ పలకరు) ఒక ఘాటైన పదార్థం పెద్దపేగు క్యాన్సర్ కణాల పెరుగుదలను ఆపుతుందేమో చూడమని మా సార్ నాకు అప్పజెప్పారు. అది నీళ్లలో కరగదు కాబట్టి ఒక ద్రావకంలో కలిపి, గిన్నెలో పెరుగుతున్న కణాల మీద పోశాను. మర్నాటికి అన్నీ చచ్చి తేలాయి. ఏమీ పోయని పక్క గిన్నెలో కణాలు నిక్షేపంగా ఉన్నాయి. ఆ సాయంత్రం బస్సులో నాలో నేను నవ్వుకుంటుంటే పక్కావిడ కొంచెం జరిగి కూర్చుంది.

ఆగలేక ఇంట్లో చెప్పేశాను. వింటున్నవాళ్లలో మా నాన్నకు అన్న, కిరాణా దుకాణం నడిపే మా పెద్దబాపు కూడా ఉన్నాడు. ఆయనకు సరిగ్గా ఆ పేగు క్యాన్సరే అని తేలి, వచ్చే సోమవారానికి ఆపరేషన్ ఖాయమైంది. "అన్ని సచ్చినయా బిడ్డా?" అని రెండుసార్లు అడిగాడు. "అన్ని, పెద్దబాపు" అన్నాను గర్వంగా.

గురువారం సార్ నా ఫలితాలు చూసి, "వట్టి ద్రావకం పోసిన గిన్నె ఏదమ్మా?" అన్నారు. అలాంటిదొకటి పెట్టాలని నాకు తట్టనే లేదు. అప్పటికప్పుడు పెట్టి శుక్రవారం చూస్తే, వెల్లుల్లి వాసనైనా తగలకుండానే ఆ గిన్నెలోని కణాలూ చచ్చి తేలాయి. చంపింది నేను ఎక్కువగా పోసిన ద్రావకం.

అసలు పిడుగు దుకాణంలో పడింది. ఆ సాయంత్రం వెళ్తే వీధి మలుపులోనే ఘాటు ముక్కుకు కొట్టింది. పెద్దబాపు కళ్లనీళ్లు కారుస్తూ పచ్చి రెబ్బలు నములుతున్నాడు. "మా బిడ్డ కనిపెట్టింది" అని గిరాకీలకు కూడా తలా ఒకటి పంచుతున్నాడు.

"సోమవారం రానని దవాఖానకు ఫోన్ జేసిన" అన్నాడు నన్ను చూడగానే. "ఇంట్లనే మందుండంగ కోతలెందుకు? నువ్వేం ఫికర్ జేయకు."

నా గొప్పలు నమ్మి ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నాడు. ఏడుస్తూ ద్రావకం సంగతంతా చెప్పాను. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "జర నిమ్మళంగ చెప్పు" అన్నాడు. అప్పుడే కాటా పక్కన ఎవరిదో నూనె డబ్బా కనిపించింది.

"పెద్దబాపు, నేను ఖాళీ డబ్బా తూకం ఎయ్యలే. డబ్బాతోటి కలిపి తూసి, అంత నూనెనే అని చెప్పిన."

ఆయన నమలడం ఆపాడు. గిరాకీ తెచ్చిన డబ్బాను ముందు ఖాళీగా తూచందే జీవితంలో నూనె పోయని మనిషి. దొంగను చూసినట్టు చూశాడు నన్ను.

"గంత సదువు సదివి, గింత తెల్వదా నీకు?" అని నోట్లోది ఉమ్మేశాడు. "ఫోన్ ఇటియ్యి. సోమవారం వస్తాన్నని చెప్త."

ఆపరేషన్ బాగా జరిగింది, మనిషి నిలబడ్డాడు. తర్వాత ద్రావకం తగ్గించి, వట్టి ద్రావకం గిన్నెతో పోల్చి చూస్తే, ఆ పదార్థం గిన్నెలోని కణాల పెరుగుదలను నిజంగానే కొంత నెమ్మది చేసింది. ఆ మాట మాత్రం ఇంతవరకు ఇంట్లో చెప్పలేదు. ఇప్పటికీ కూరలో ఉప్పు సరిపోయిందన్నా సరే, "డబ్బా తూసినవా బిడ్డా?" అంటాడు పెద్దబాపు. తూచాననే చెప్తాను. బస్సులో ఒంటరిగా నవ్వుకున్న ఆ పిల్ల గుర్తొచ్చి, దాని మీద కొంచెం జాలీ, కొంచెం నవ్వూ వస్తాయి.