లాప్‌టాప్ తాళానికి పసుపు

అరవై దాటాక కోడలి దగ్గర అక్షరాలు దిద్దినదాన్ని. నా రాత వంకర, మాట మాత్రం తిన్నగానే ఉంటుంది.

మా కోడలు సుజాత నర్సీపట్నంలో టీచరు. దాని పాత లాప్‌టాప్‌లో కొత్త సిస్టం వెయ్యాలంటే ముందు లోపలున్న సెక్యూరిటీ చిప్పుని అప్‌గ్రేడ్ చెయ్యాలట. ఆ తర్వాత లాప్‌టాప్ తాళం అడగొచ్చని, ఆ తాళం తీసే నలభై ఎనిమిది అంకెల్ని చిన్న చీటీ నిండా ఇంకు పెన్నుతో రాసి "జాగర్త అత్తా" అని నాకిచ్చింది. ముఖ్యమైన కాగితం కదా అని నాలుగు మూలలా తడి పసుపు పెట్టి దేవుడి పటం వెనక దాచాను.

చిప్పు పని అయ్యాక లాప్‌టాప్ నిజంగానే తాళం అడిగింది. మర్నాడు బడిలో ఇవ్వాల్సిన పిల్లల మార్కులన్నీ అందులోనే ఉన్నాయి. చీటీ తీస్తే మూలల్లో అంకెలు పసుపులో కరిగిపోయాయి.

"ఏటత్తా ఇది! చీటీకి కూడా పేరంటమేటి?"

"పసుపెట్టొద్దని ముందే సెప్పొచ్చు కదే!" అని ఎదురు తిరిగాను.

అప్పుడు గుర్తొచ్చింది. పసుపు పెట్టకముందే ఆ అంకెల్ని కాపీ పుస్తకంలో మూడుసార్లు దిద్దుకున్నాను. పరుగున తెచ్చాను.

"ఇది ఒకటా, ఏడా అత్తా?"

"ఏడే. తోక కనపడ్డం లేదేటి? బేగి కొట్టు!"

లాప్‌టాప్ తెరుచుకుంది. రోజూ ఎర్ర పెన్నుతో నా రాత దిద్దే కోడలు ఆ రోజు ఒక్క అంకె కూడా దిద్దకుండా ఎక్కించుకుంది. ఆ సంగతి మరిచిపోలేను. పసుపు మాత్రం మానలేదు, ఇప్పుడు కాగితం వెనక వైపు పెడుతున్నాను.

– అప్పలనర్సమ్మ, నర్సీపట్నం