గదికి గాలి

నా భార్య పోయి ఇరవై రెండు రోజులైంది. పొద్దున కిటికీ అద్దాల మీది నీళ్లు తుడుస్తూ గుండె పట్టుకుని కూర్చుంది. మళ్లీ లేవలేదు. కబురు తెలియనివాళ్లు ఇంకా ఫోన్ చేసి ఆమె గురించి అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పలేక ఇది రాస్తున్నాను.

గోదావరిఖనిలో ఓపెన్‌కాస్టు బొగ్గు గనికి దగ్గరి క్వార్టరు మాది. కిటికీ తెరిస్తే బొగ్గు దుమ్ము, మూస్తే చెమ్మ. దుమ్ముకు భయపడి మా లైన్లో చాలామంది బట్టలు ఇంట్లోనే ఆరేస్తారు. చలికాలంలో ఆ తడి అద్దాలకు పట్టి, కారి, గోడకు నల్లని బూజు పడుతుంది.

నేను ముప్పై ఏళ్లు భూగర్భ గనిలో, మా మాటలో బాయిలో, గాలి కొలిచే ఉద్యోగం చేశాను. ఇంట్లో మాత్రం కిటికీలు మూసేవాణ్ణి. ఆమె తెరిచేది.

“బాయిల గాలి ఆడకపోతే ఉరుకుతవు. గీడ మేం మనుషులం కాదా?” అనేది.

“దుమ్మొస్తదే.”

“దుమ్మును తుడుస్త. దగ్గును నువ్వు తుడుస్తవా?”

రోజూ పొద్దున్నే లారీల రాకపోకలు పెరగకముందే ఎదురెదురు కిటికీలు తెరిచేది. మంచాలను గోడకు జానెడు దూరంలో ఉంచేది. పిల్లల జ్వరం చూసినట్టు గోడను చేతి వెనుక వైపుతో తాకి చూసేది. నేను నవ్వేవాణ్ణి.

దినకర్మలయ్యాక ఆమె గది మూసేశాను. ఆమె వస్తువులు చూడలేకపోయాను. నా తడి బట్టలు పక్క గదిలోనే ఆరేసుకున్నాను. వారం రోజులకు మా బిడ్డ మంచిర్యాల నుంచి ఫోన్ చేసింది.

“బాపు, పాపను తీస్కొని వస్తున్న. నువ్వొక్కనివి ఎట్లుంటవ్?”

పాపకు మూడు నెలలు. ఆయాసం ఉంది. చెమ్మ తగలనివ్వద్దని దవాఖానలో చెప్పారు. ఫోన్ పట్టుకునే గది తెరిచాను. అద్దం నుంచి నీళ్లు కారుతున్నాయి. బీరువా వెనుక గోడంతా నలుపు.

“ఇప్పుడే రాకు బిడ్డా. గోడ ఖరాబైంది” అన్నాను.

“అమ్మ ఉంటే గట్లనేదా? జల్ది ఆరబెట్టు. రేపు బయల్దేరుతున్న.”

గోడ ఆరాలని బొగ్గుల కుంపటి లోపల పెట్టి, దుమ్ము రాకుండా కిటికీ బిగించి కూర్చున్నాను. కాసేపటికి తల బరువెక్కింది. అది బొగ్గు విషవాయువని నాకు ముందే తెలిసి ఉండాలి. ఎంతమందికి చెప్పాను, మూసిన చోట నిప్పు పెట్టవద్దని! గోడ పట్టుకుని లేచి, కిటికీ తీసి, బయటపడ్డాను. ఆమె ఉంటే ఏమనేదో తెలుసు. అది వినాలనిపించింది.

ఆ సాయంత్రమే బీరువా వరండాలోకి జరిపి, గోడ తడిగుడ్డతో తుడిచాను. రెండు కిటికీలూ తెరిచి ఉంచాను.

నిన్న బిడ్డ వచ్చింది. వాళ్లమ్మది బూజు పట్టని పాత నూలు చీర ఒకటి వెతికి, ఉడికించి, ఎండలో ఆరేసి, పాపకు గుడ్డలుగా చింపింది. ఆ చప్పుడు వినలేక బయటికి వెళ్లి, మళ్లీ వచ్చాను.

పాప ఆ గదిలోనే నిద్రపోతోంది. ఛాతీ మీద చీర ముక్క పైకి లేస్తోంది, దిగుతోంది. ఒక్కోసారి ఆగినట్టనిపించి లేచి నిలబడతాను. ఆ ముక్క మళ్లీ లేస్తుంది.