పుర్రచేతి ఉలి గీతలు

నిన్న సౌదీలో, నేనిప్పుడు పనిచేసే జుబైల్‌లో నాలుగు చినుకులు పడ్డాయి. క్యాంపు వెనక పేర్చిన ఇసుకరాళ్లు తడిసి వాసన లేచింది. ఆ వాసన ముక్కుకు తగిలిందో లేదో, తబూక్ దిక్కున ఎడారిలో పైకప్పు లేని ఆ పాత గుడి ముందు మనసులో మళ్లీ నిలబడి ఉన్నాను. పక్కన ఖాసీం మామ రాయి మీద నీళ్లు చిలకరిస్తున్నాడు. అలా ఎంతసేపు ఉన్నానో ఏమో, చేతిలో టీ చల్లారిపోయింది.

మాది బేతంచెర్ల. నాపరాళ్లకు పాలిష్ పట్టడం తప్ప నాకు ఇంకో పని రాదు. రాయి నున్నగా జారిపోతేనే పనిమంతుడనే ఊరు మాది. ఆ చేతులతోనే సౌదీ వచ్చి, పాత కట్టడాలు బాగుచేసే కంపెనీలో ఖాసీం మామ కింద పనిలో పడ్డాను. ఆయనది ప్రొద్దుటూరు. చుట్టరికం ఏమీ లేదు, మా సీమలో అలా పిలుచుకుంటాం. రోమన్ చక్రవర్తుల గౌరవం కోసం ఆ కాలంలో ఇక్కడి తెగలవాళ్లే కట్టిన గుడి అది. సగం గోడలు నిలిచాయి, ద్వారం పైరాయి మాత్రం ఇసుకలో పడి ఉంది. దాన్ని పైకెక్కించి ఇంటికి పోవాలని మామ ఆశ. సౌదీ వదిలి శాశ్వతంగా పోయే ఫైనల్ ఎగ్జిట్ కాగితాలు పెట్టేసి, ఆ ఒక్క రాయి కోసమే ఆగాడు.

మొదటి రోజు పొద్దున ఎండ ఏటవాలుగా పడుతుంటే ఆ రాయి మీద నీళ్లు చల్లాడు. అంతవరకు కనిపించని ఉలి గీతలు ఒక్కొక్కటే పైకి తేలాయి.

"సూడప్పా, అన్నీ ఎట్ల వాలినాయో! కొట్టినోనిది పుర్రచెయ్యి. నా మాదిరే," అని తన ఎడమచేతిని ఆ గీతల వెంబడే ఆడించాడు. "మా అన్న వీడు. రాజులు పోయినారు గానీ వీని చెయ్యి యాడికీ పోలే."

నవ్వులాటకే అన్నాడు. నాకు మాత్రం ఆ మనిషి గోడ చాటున చెమట తుడుచుకుంటున్నట్టే అనిపించింది. ఆ తర్వాత చాలా రోజులు గాలికి ఇసుక కదిలితే ఎవరో ఉలి కొడుతున్నట్టే వినబడేది.

ఒక మధ్యాహ్నం మామ నమాజుకు వెళ్లాడు. ఆయన వచ్చేసరికి మెప్పు పొందాలని, పైరాయి మీద గరుకుగా ఉన్న అరచేయంత చోట పాలిష్ రాయితో రుద్దేశాను. బేతంచెర్ల రాయిలా మెరవలేదు గానీ, సన్నటి గీరలతో నునుపు తేలింది. ఎంత మురిసిపోయానో! మామ వచ్చి చెయ్యి పెట్టి చూసి, ఇసుకలో కూలబడ్డాడు.

"ఏం జేస్తివిరా ఓబులేసూ. మా అన్నను తుడిచేస్తివి గదరా."

అలాంటి తప్పుకు ఉద్యోగం పోతుందని నాకు తెలుసు. వచ్చి మూడు నెలలే. సాయంత్రం మామే పోయి ఇంజినీరు సాబ్ ముందు "నేనే రుద్దినా" అన్నాడు. అబద్ధమాడని మనిషి! ఆఫీసువాళ్లు ఆయన్ని సైటు నుంచి తప్పించి ఖఫ్జీలో ప్రహరీ గోడ పనికి పంపారు. వ్యాను ఎక్కుతూ నన్ను ఒక్క మాట అనలేదు. "పైరాయి జాగ్రత్త," అన్నాడంతే. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా చెప్పలేదు, పిరికివాణ్ణి.

పదకొండు రోజులు అన్నం సయించలేదు. పన్నెండో రోజు ఇంజినీరు సాబ్ గదికి పోయి, "ఆ రాయి రుద్దింది నేను సార్," అన్నాను. ఆయనది హైదరాబాదు. కాగితాల మీంచి తలెత్తాడు.

"నాకెరుకే. రుద్దిన గీరలు కుడిచేతివి. ఖాసీం భాయ్‌ది ఎడమచెయ్యి. నీ పేరు రాస్తనంటే ఆయనే ఆపిండు. 'వాడే వచ్చి చెప్తడు సాబ్, జర ఆగుండ్రి' అన్నడు. అందుకే నువ్వు చెప్పేదాంక పైరాయి ఎత్తలే."

"మామను పిలిపించండి సార్, దండం పెడతా."

ఆయన ఖఫ్జీకి ఫోను చేశాడు. మామ ఆ పొద్దుటే ఇంటికి విమానం ఎక్కేశాడట.

వారం తర్వాత క్రేను వచ్చింది. సాబ్ తన ఫోనులో మామను చూపించాడు. ప్రొద్దుటూరులో మిద్దె మీద, లుంగీలో నిలబడి ఉన్నాడు. రాయి గాల్లో మెల్లగా తేలుతుంటే అక్కణ్ణుంచే కేక వేశాడు: "ఎడమ పక్క రవ్వంత దించప్పా... ఆ, సాలు!" రాయి కూర్చుంది. నేను ఫోను దగ్గరికి పోయి, "మామా, చెప్పేసినా," అన్నాను.

"తెల్సురా. పదకొండు దినాలు లేటు, అంతే," అని నవ్వాడు. ఆ ఎడమచేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు.

నా ఉద్యోగం పోలేదు, జీతంలో కోత పడింది, అంతే. ఇప్పుడు ఏ రాయి ముట్టుకోవాలన్నా ముందు నీళ్లు చల్లి చూస్తాను. తప్పు చేస్తే పొద్దు గూకేలోగా చెప్పేస్తాను. నిన్న తడిసిన రాళ్ల మీద కూడా వంగి వెతికాను. మిషను కోసిన రాళ్లు, ఎవరి చెయ్యీ లేదు. అక్కడ ఆ గుమ్మం మీద మాత్రం, పుర్రచేతి గీతల నడుమ అరచేయంత చోటు ఇంకా నున్నగానే ఉంటుంది. అది నా చెయ్యి. ఎవరూ దాన్ని సరిచేయకూడదని మామే సాబ్‌కు చెప్పి పోయాడట.