ఊడిపోని సీసపు గుండు

గోర్డన్ టనిక్లిఫ్ ఇంగ్లండులోని బర్స్‌లెంలో పింగాణీ కార్ఖానా బట్టీ దగ్గర ముప్ఫయ్యేళ్ళు పనిచేశాడు. కార్ఖానా మూతపడింది. ఆ చలికాలమంతా అతను ఇంట్లో భార్య మేవిస్ కాళ్ళకూ చేతులకూ అడ్డం పడుతూ గడిపాడు. చివరికి మేవిస్ విసుక్కుంది.

"పొద్దస్తమానం నా వెనకాలే తిరుగుతావేంటయ్యా? వెళ్ళి చేపలు పట్టుకోరాదూ? కప్పు గెలిచానని ఊరంతా చెప్పుకుంటావుగా!"

కప్పు గెలిచిన మాట నిజమే. పెళ్ళికి ముందు కార్ఖానా చేపల జట్టులో ఉండగా గెలిచాడు. ఆ తర్వాత గాలం ముట్టుకోలేదు గానీ, సారాకొట్లో ఆ కథ చెప్పడం మాత్రం మానలేదు. విన్నవాళ్ళంతా అతన్ని పెద్ద చేపల వేటగాడి కిందే లెక్కేశారు.

మేవిస్ మాట పట్టుకుని వెండీ సాల్ట్ అనే ఆవిడ నడిపే గాలాల కొట్టుకు వెళ్ళాడు. ఒకప్పుడు ఆ కొట్లో ఉన్నవి నాలుగు కర్రలు, ఒక డబ్బాడు పురుగులు. ఇప్పుడు గోడల నిండా గోరంత సామాన్లు సంచుల్లో వేలాడుతున్నాయి. ఏది దేనికో అతనికి అంతుబట్టలేదు.

"ఏ చేపకి వెళ్తున్నావు బాబాయ్? బెండు కట్టి పడతావా, గుండు వేసి పడతావా?" అంది వెండీ.

వెనక ఇద్దరు కుర్రాళ్ళు నిలబడి వింటున్నారు. గోర్డన్ చెవులు వేడెక్కాయి. "నువ్వు పుట్టకముందు నుంచీ ఉన్నాను తల్లీ ఈ పనిలో" అన్నాడు. వాళ్ళలో ఒకడి చేతిలో కార్ప్ చేపకు వాడే లావుపాటి కర్ర కనిపిస్తే, "నాకూ అదే ఇయ్యి" అన్నాడు.

"మరి గుండుకి క్లిప్పు? దారం తెగితే గుండు చేపను వదిలి ఊడిపోవాలి కదా. మార్ల్ చెరువులో అదే రూలు."

"ఉన్నాయమ్మా ఇంట్లో."

"కొత్త దారం?"

"అదీ ఉంది."

ఇంట్లో ఉన్నది షెడ్డులో తుప్పుపట్టిన పాత రీలు, దాని మీద ఎప్పటిదో పసుపురంగుకు తిరిగిన నైలాను దారం. రెండు చేతులతో లాగి చూస్తే కిర్రుమంది. మళ్ళీ కొట్టుకు వెళ్ళి అడగొచ్చు. కానీ ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు? ఆ క్లిప్పేమిటో తెలియక, పాతకాలపు పద్ధతిలో గుండును దారానికి బిగించి ముడేశాడు.

మార్ల్ చెరువు అంటే బంకమట్టి తవ్విన గోతుల్లో నీళ్ళు నిండి ఏర్పడిన చెరువు. అక్కడ చేపను పట్టడం, మురిపెంగా చూసుకోవడం, మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యడం. తినడమన్న మాట లేదు. గోర్డన్ వెళ్ళిన మొదటి రోజు అతని పక్కన బోగ్డాన్ అనే పోలండు మనిషి కూర్చున్నాడు. నలభై ఏళ్ళవాడు. రొట్టెల బేకరీలో పని.

మధ్యాహ్నానికి గోర్డన్ కర్ర ఒక్కసారిగా వంగింది. నీళ్ళలో ఆకుపచ్చగా ఒక టెంచ్ చేప మెరిసి తిరగబడింది. అంత చేప అతను జీవితంలో చూడలేదు. రీలు తిప్పబోయాడు. మరుక్షణం దారం కుట్టుదారంలా పుటుక్కున తెగింది.

"పెద్దదా?" అన్నాడు బోగ్డాన్ తలెత్తి.

"చేపేం కాదు. నాచు తగిలింది."

శనివారం అతను వెళ్ళేసరికి గట్టు మీద గుంపు ఉంది. కలువ తూళ్ళలో చిక్కుకున్న గుండును లాక్కోలేక, కదల్లేక, ఆ టెంచ్ చచ్చి తేలింది. ఆ చెరువును చూసుకునే చేపల క్లబ్బు సెక్రటరీ ఆల్విన్ బ్లూర్ దాన్ని చేతుల్లో పట్టుకుని ఉన్నాడు. దాని నోట్లోంచి పసుపుపచ్చ దారం వేలాడుతోంది. దాని చివర గుండు, గోర్డన్ ముడి.

"ఏ దరిద్రుడు కట్టాడ్రా ఇలా!" అన్నాడు ఆల్విన్.

"ఇంకెవడు? ఆ పోలండువాడే. వాళ్ళ ఊళ్ళో పట్టిన చేపని పండక్కి వండుకు తింటార్ట. వాడికి మన రూళ్ళేం తెలుస్తాయి?" అన్నారెవరో.

ఆల్విన్ ఇటు తిరిగాడు. "నువ్వు పాతకాపువి గోర్డన్, నువ్వు చెప్పు. బుద్ధున్నవాడు ఇలా కడతాడా?"

గోర్డన్ తల అడ్డంగా ఊపాడు. "కట్టడు" అన్నాడు.

అంతలో బోగ్డాన్ తన పెట్టె మోసుకుంటూ వచ్చాడు. ఆల్విన్ అతని ముఖం మీదే సభ్యత్వం కార్డు ఇచ్చెయ్యమన్నాడు. బోగ్డాన్ చచ్చిన చేపను చూశాడు, దారం చూశాడు. గోర్డన్ చేతిలో ఉన్న రీలు వంక కూడా ఒక్కసారి చూశాడు. కార్డు తీసిచ్చి, పెట్టె భుజానికెత్తుకుని, కారు వైపు నడిచాడు.

ఆ సాయంత్రం మేవిస్ జున్నూ బేకనూ పెట్టి అట్లలాంటి వేడి వేడి ఓట్‌కేకులు చేసింది. గోర్డన్ పళ్ళెం పక్కకు తోశాడు. మర్నాడు చర్చి గంటలు మోగుతుండగా బోగ్డాన్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. అతను వాకిట్లో కారు కడుగుతున్నాడు.

"నీకు తెలుసు కదయ్యా" అన్నాడు గోర్డన్.

"తెలుసు."

"మరెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమంటారు? తప్పుచేసి ముసలాయన మీదకి నెడుతున్నాడంటారు. మీరు చెప్పాలి. చెబుతారేమోననే కారుదాకా మెల్లిగా నడిచాను." బోగ్డాన్ గుడ్డ పిండుకుని మళ్ళీ తుడవసాగాడు. గోర్డన్ తలవంచుకుని వచ్చేశాడు.

ఆ వారం క్లబ్బు మీటింగు సారాకొట్టు వెనక గదిలో జరిగింది. గోర్డన్ లేచి నిలబడి, గుండు తనదేనన్నాడు. ఛీ కొడతారనీ వెళ్ళగొడతారనీ అనుకున్నాడు. ఆల్విన్ మాత్రం పకపకా నవ్వాడు.

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! నువ్వా! ఇన్నేళ్ళ తర్వాత గాలం పట్టావు కదరా, ఎవడికైనా జరుగుతుంది. కూర్చో, నీకో పైంటు బీరు పోయిస్తా."

"మరి బోగ్డాన్?"

"అతని కార్డు అతనికిచ్చేద్దాంలే. ఏముంది?"

అందరూ నవ్వుతున్నారు. ఎవడో భుజం కూడా తట్టాడు. గోర్డన్ ఆ చెయ్యి తోసేశాడు. "ఒక్క తిట్టైనా తిట్టండ్రా!" అని అరిచాడు. వాళ్ళు ఇంకా నవ్వారు. తన కార్డు బల్ల మీద పడేసి, బోగ్డాన్ కార్డు తీసుకుని బయటపడ్డాడు.

బోగ్డాన్ ఆ కార్డును గుమ్మంలోనే తీసుకున్నాడు. "ఆ చెరువుకి ఇక రాను. నాకు కాలవ చాలు" అని తలుపు వేసుకున్నాడు.

సిగ్గుతో చచ్చిన మనిషికి కొత్తగా పడే సిగ్గేముంటుంది? గోర్డన్ తిన్నగా వెండీ కొట్టుకు పోయాడు. ఆ రోజూ కుర్రాళ్ళున్నారు. "నాకేమీ తెలియదమ్మా. మొదట్నుంచీ చెప్పు" అన్నాడు అందరి ముందూ.

ఆమె ఒక్క ప్రశ్న వెయ్యలేదు. లావు కర్ర వెనక్కి తీసుకుంది. తేలికపాటి బెండు కర్ర, సన్నటి కొత్త దారం, ముల్లు లేని చిన్న కొక్కెం, ఆవగింజలంత సీసపు పూసలు ముందు పెట్టింది. పూసలు ఎక్కడెక్కడ నొక్కాలో, ముడి బిగించేముందు ఉమ్మితో తడపాలని ఎందుకంటారో ఓపిగ్గా చూపించింది. గుండు కట్టవలసి వస్తే క్లిప్పులోంచి ఎలా జారిపోవాలో నాలుగుసార్లు అతని చేతే చేయించింది. మూడుసార్లు తప్పాడు. కుర్రాళ్ళు చూస్తూనే ఉన్నారు.

ఆ వేసవి అతను కాలవ గట్టున కూర్చుని, అరచెయ్యంత రోచ్ చేపలు పట్టి వదిలేవాడు. సారాకొట్లో కప్పు ఊసెత్తితే లేచి వచ్చేసేవాడు. వంతెన అవతల బోగ్డాన్ అప్పుడప్పుడూ కనిపించేవాడు. పలకరింపులు లేవు.

ఒక మధ్యాహ్నం బోగ్డాన్ పెట్టె మోసుకుంటూ ఆ దారిన పోతూ ఆగాడు. గోర్డన్ తలెత్తలేకపోయాడు. బోగ్డాన్ కాసేపు బెండు వంక చూసి, "లోతు ఎక్కువైంది. ఎర బురదలో పడి ఉంది" అన్నాడు.

అడుగుల చప్పుడు దూరమయ్యాక గోర్డన్ దారం పైకి లాగి, బెండును జానెడు కిందికి, కొక్కెం వైపుకు జరిపాడు.